తొమ్మిదో లెక్క

ఇబ్బంది మీదపడితేనే బుర్ర పనిచేస్తుందని చాలామంది నమ్మకం. నీళ్లు లేనిచోట నీళ్ల ఉపాయాలు, పంట పండనిచోట కొత్త పంటలు వాటంతట అవే పుట్టుకొస్తాయని అనుకుంటాం. మన సామెతల్లో ఇంత ఆశ కనిపించదు. గతి లేనమ్మకు గంజే పానకం అంటాయవి. లేమి మనిషికి సర్దుకుపోవడం నేర్పుతుందని వాటి అభిప్రాయం, కొత్తది కనిపెట్టడం నేర్పుతుందని కాదు. రెండింటిలో ఏది నిజమో పరీక్షించడానికి అనంతపురం పీఠభూమిని మించిన చోటు దొరకదు. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి రుతుపవనం ఇక్కడికి చేరేసరికి సత్తువ కోల్పోతుంది. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనం కూడా అంతంతమాత్రంగానే తడుపుతుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాదు. కింద చూస్తే లోతులేని ఎర్రనేల. కష్టమే గురువైతే కొత్త ఆలోచనలకు ఈ జిల్లా పుట్టిల్లు కావాలి. కానీ ఎక్కడ చూసినా దశాబ్దాల తరబడి ఒకే పంట, ఎండినా మళ్లీ అదే పంట. (2022లో పెనుకొండ, కదిరి, ధర్మవరం, పుట్టపర్తి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఇక్కడ అనంతపురం అంటే పాత ఉమ్మడి జిల్లా.) కొత్త ఆలోచనకు దారి మూసుకుపోవడం ఒక్కటే చాలదు. అడుగుతున్న ప్రశ్న మారాలి, అది మారడానికి మనసుకు కాస్త వెసులుబాటు కావాలి. కరవు దారిని మూసేస్తుంది, ఆ వెసులుబాటును కూడా అదే లాగేసుకుంటుంది. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఇదే.

మొదట ఒక పాత ప్రయోగం. 1942లో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు పాత్రలతో నీళ్లు కొలిచే లెక్కలు ఇచ్చాడు. 21, 127, 3 కొలతలున్న పాత్రలతో సరిగ్గా 100 కొలతల నీళ్లు తేవాలి. పెద్ద పాత్ర నింపి, అందులోంచి మొదటి పాత్రకు ఒకసారి, చిన్న పాత్రకు రెండుసార్లు తీసేస్తే 100 మిగులుతుంది. ఇలాంటివే వరసగా ఐదు లెక్కలు, అన్నిటికీ ఇదే సూత్రం. ఆ తర్వాత ఏడో లెక్కలో 23, 49, 3 పాత్రలతో 20 కొలతలు అడుగుతాడు. పాత సూత్రం ఇక్కడా పనిచేస్తుంది, కానీ 23లోంచి 3 తీసేస్తే సరిపోతుంది. చాలామంది ఆ పొట్టి దారి చూడకుండా పొడుగు దారినే పోయారు. అసలు విశేషం తొమ్మిదో లెక్కలో ఉంది. 28, 76, 3 పాత్రలతో 25 కావాలి. పాత సూత్రం పెడితే 42 వస్తుంది, అంటే అది చెడిపోయింది. 28లోంచి 3 తీసేస్తే 25. చిన్నపిల్లలు కూడా చెప్పగల ఈ లెక్క దగ్గర, ముందు ఐదు లెక్కలు నేర్చుకున్నవాళ్లలో ఎందరో చేతులెత్తేశారు. ఆ ఐదూ చెయ్యకుండా నేరుగా వచ్చినవాళ్లకు అది లెక్కే కాదు. అంటే వాళ్లకు అడ్డం వచ్చింది తెలియకపోవడం కాదు, తెలిసి ఉండటం. ముందు గెలిచిన పద్ధతే తర్వాతి లెక్క దగ్గర కళ్లకు గంతలు కట్టింది.

ఇది బడిపిల్లల బలహీనత అనుకుంటే పొరపాటు. 2008లో బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబే అనే పరిశోధకులు ఆరితేరిన చదరంగం ఆటగాళ్ల ముందు ఒక స్థితిని పెట్టారు. అందులో అందరికీ తెలిసిన గెలుపు ఎత్తు ఒకటుంది, దానికంటే తక్కువ ఎత్తుల్లో ముగించే దారి మరొకటుంది. తెలిసిన ఎత్తు దొరకగానే ఆటగాళ్లు ఇంకా మంచిది వెతుకుతున్నామని చెప్పారు, వెతుకుతున్నామనే నమ్మారు కూడా. కానీ వాళ్ల చూపు ఎటు తిరుగుతోందో యంత్రంతో కొలిస్తే, కళ్లు పాత ఎత్తుకు సంబంధించిన గళ్ల మీదే తచ్చాడుతున్నాయి. మనసు వెతుకుతున్నానని చెప్పినంత మాత్రాన వెతుకుతున్నట్టు కాదు. నాకు ఈ ప్రయోగం లూచిన్స్ ప్రయోగం కంటే భయంకరంగా కనిపిస్తుంది. లూచిన్స్ ప్రయోగంలోని పిల్లలకు కనీసం జవాబు దొరకలేదని తెలుసు.

ఇప్పుడు అనంతపురం బుడ్డల, అంటే వేరుశనగ సంగతి. వేరుశనగ ఈ నేలలో పనికిరాని పంటేమీ కాదు. తేలిక నేలలో కాయ సులువుగా ఊడివస్తుంది, నూనెమిల్లుల్లో గిరాకీ ఉంటుంది, కట్టె పశువులకు మంచి మేత. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టాక ధరకు కూడా ఊతం దొరికింది. కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది, అలసంద కలిసి పెరిగిన మెట్టలు ఒక్కొక్కటే బుడ్డల కిందికి మారిపోయాయి. దేశంలో వేరుశనగ ఇంత విస్తీర్ణంలో వేసిన జిల్లా ఇంకొకటి లేదని పేరు వచ్చింది. కానీ ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే కాయ ఊరదు. 2000లో కాండం కుళ్లు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను దెబ్బతీసింది. ఒకే పంట ఉన్నచోట తెగులుకు అడ్డేముంటుంది? ఏడాదికేడాది నష్టం వచ్చినా, మరుసటి ఆరుద్ర కార్తెకు గొర్రు కట్టి మళ్లీ అదే విత్తనం. పాత సూత్రం 42 చూపిస్తోంది, కావలసింది 25.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. రైతు మనసు గడ్డకట్టిందనడం చదువుకున్నవాళ్ల అహంకారం కాదా? బ్యాంకు అప్పు ఇచ్చేది బుడ్డలకు, సబ్సిడీ విత్తనం దొరికేది బుడ్డలకు, వాతావరణ బీమా వచ్చేది బుడ్డలకు, కొనేవాడు ఉన్నది బుడ్డలకు. ఇంకో పంట వేసి మునగడం కంటే అదే పంట వేసి బీమా అందుకోవడం తెలివైన పనే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ అది నా వాదాన్ని పడగొట్టడం లేదు, ఇంకా విస్తరిస్తోంది. లూచిన్స్ ప్రయోగంలో కూడా పాత సూత్రం పట్టుకోవడం తెలివితక్కువతనం కాదు. ఐదుసార్లు గెలిచినదాన్ని ఆరోసారి వాడటమే నేర్చుకోవడం అంటే. తేడా ఏమిటంటే లూచిన్స్ పిల్లల అలవాటు వాళ్ల తలల్లోనే ఉంది. అనంతపురంలో అది రుణ ప్రణాళికల్లో, విత్తన పంపిణీ పట్టికల్లో, బీమా నిబంధనల్లో, పరిశోధనా కేంద్రం ఏ పంట మీద పనిచేయాలన్న నిర్ణయాల్లో కూడా రాసి ఉంది. కదిరి కేంద్రం మంచి బుడ్డల రకాలనే ఇచ్చింది, వాటిలో కె-6 రైతులకు బాగా చేరువైంది. అయితే ప్రశ్న ఎప్పుడూ ‘మంచి బుడ్డలు ఎలా’ అన్నదే. ‘బుడ్డలే ఎందుకు’ అని అడిగే బాధ్యత ఏ శాఖకూ లేదు.

ప్రశ్న మారడం అంటే ఏమిటి? మెరుపులాంటి ఆలోచన గురించి స్టెలన్ ఓల్సన్ 1990లలో ఇచ్చిన వివరణ నాకు సరిగ్గా అనిపిస్తుంది. సమస్యను మనం మొదట పట్టుకున్న తీరులోనే, ఎవరూ పెట్టని షరతులు కొన్ని చొరబడతాయి. ఆ షరతు సడలినప్పుడో, ఒక ముద్దగా కనిపించినదాన్ని వేరే ముక్కలుగా విడదీసినప్పుడో దారి తెరుచుకుంటుంది. తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. అవధానంలో సమస్యాపూరణం పూర్తిగా దీని మీదే నడుస్తుంది. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందంటూ ఇచ్చిన సమస్యను తెనాలి రామకృష్ణుడు విప్పాడని చెప్పుకునే కథలో, ఏనుగుల్ని చిన్నవి చేసే ప్రయత్నమే లేదు. విరాటరాజు కొలువులో పాండవులు ఊడిగం చేయాల్సి వచ్చిన దుస్థితిగా ఆ వాక్యాన్ని చదివాడు. ఏనుగు అంటే ఏనుగే అన్న షరతు పృచ్ఛకుడు పెట్టలేదు, వినేవాళ్లు పెట్టుకున్నారు.

అనంతపురం సమస్యలో అలాంటి దాచిన షరతు ‘నీళ్లు తేవాలి’ అన్నది. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతైన బోరు, అదీ ఎండితే పక్కన ఇంకొకటి. ఒక పొలంలో వరసగా ఎండిపోయిన బోర్లున్న రైతులు ఈ జిల్లాలో ఎందరో. పాయింట్ చూపించడానికి కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవాడు ఉన్నాడు, అప్పు ఇచ్చేవాడు ఉన్నాడు. అయితే నేల కింద నీరు పక్కపక్క పొలాలకు ఉమ్మడి సొత్తు. నేను తోడితే నీది పడిపోతుంది. కదిరి వైపు కొన్ని పల్లెల్లో స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో రైతులు ఉన్న బోర్లను పైపులతో కలిపి, కొత్త బోరు వేయకూడదని కట్టుబాటు పెట్టుకుని, బోరులేని పక్కవాడి మెట్ట పంటకు కూడా ఒకటి రెండు ప్రాణరక్షక తడులు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ ఒక్క చుక్క నీరు కూడా కొత్తగా పుట్టలేదు. ‘నాకు నీళ్లు ఎక్కడ పడతాయి’ అన్న ప్రశ్న ‘పడిన నీళ్లను ఎంతమందికి, ఎప్పుడు ఇవ్వాలి’ అన్నదిగా మారింది. మెట్ట పంటను చంపేది నెలల కరవు కాదు, రెండు వానల మధ్య ఎడం. ఆ ఎడాన్ని దాటించే ఒక్క తడికి ఉన్న విలువ కొత్త బోరు లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అనుభవం ఇంకా ఆసక్తికరం. బోడిగుట్టలకు అటవీశాఖ పద్ధతి అంటే గుంత తవ్వడం, మొక్క నాటడం, నీళ్లు పోయడం. గుట్టను ఊరివాళ్లతో కలిసి నిప్పు నుంచి, విచ్చలవిడి మేపు నుంచి కాపాడితే, నేలలో దాగిన వేళ్లు, గింజలు తమంతట తామే లేస్తాయని వీళ్లు పట్టుకున్నారు. కల్పవల్లి పేరుతో వేల ఎకరాల గుట్టలు అలా పచ్చబడ్డాయి. చేర్చే పని కంటే ఆపే పని ఎక్కువ. మనిషి మనసుకు ఇది సహజంగా తట్టదని 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. గాబ్రియెల్ ఆడమ్స్, ఆమె తోటివాళ్లు రకరకాల పనులు ఇచ్చి చూశారు. లెగో ఇటుకల కట్టడాన్ని స్థిరంగా నిలబెట్టమంటే, ఒక్క ఇటుక తీసేస్తే సరిపోయేచోట కూడా జనం ఇటుకలు చేరుస్తూ పోయారు. తీసేయడం ఇష్టం లేక కాదు, ఆ ఆలోచనే రాలేదు. అదే సమయంలో మనసు మీద ఇంకో బరువు కూడా వేస్తే, తీసేయవచ్చన్న సంగతి తట్టడం ఇంకా తగ్గిపోయింది.

ఆ చివరి ఫలితం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కరవు మీద నా వాదానికి అదే మూలం. లూచిన్స్ కూడా అదే గమనించాడు. ఇది వేగ పరీక్ష అని చెప్పి తొందరపెడితే పిల్లలు పాత సూత్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మన పొరుగున తమిళనాడులో ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 464 మంది చెరకు రైతుల్ని పరీక్షించి 2013లో ‘సైన్స్’లో ప్రచురించారు. కోతకు ముందు చేతిలో డబ్బు లేదు, అప్పులున్నాయి. కోత తర్వాత డబ్బుంది. మనుషులు వాళ్లే. బొమ్మల వరసలో తప్పిపోయిన బొమ్మ ఏదో కనిపెట్టే పరీక్షలో, కోతకు ముందు వాళ్ల మార్కులు గణనీయంగా తక్కువ. బీదరైతుకు తెలివి తక్కువని దీని అర్థం కాదు. అదే తల మీద వడ్డీ, కూతురి పెళ్లి, పశువుల మేత ఒకేసారి కూర్చున్నాయని అర్థం. ఈ ఫలితం మీద తర్వాత వివాదం నడిచింది. 2016లో కర్వాల్యో, మైయర్, వాంగ్ అమెరికాలో జీతం రోజుకు ముందు, తర్వాత పోల్చితే అలాంటి తేడా కనిపించలేదు. అది పెద్ద అధ్యయనం, పక్కన పెట్టలేం. అయితే ఫలానా రోజున వచ్చి తీరే జీతానికీ, వస్తుందో రాదో తెలియని వానకూ తేడా ఉంది. మనసును తినేది లేమి ఒక్కటే కాదు, ఎటూ తేలనితనం కూడా అన్నది నా అంచనా. అది అంచనా మాత్రమే.

దీనికి ఎదురు సాక్ష్యం ఇంకోటుంది, అదీ లూచిన్స్ పాత్రలతోనే. 2007లో సియాన్ బీలాక్, మార్సీ డికారో ఒత్తిడి పెట్టి చూస్తే, జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాళ్లు పొడుగు సూత్రం వదిలి పొట్టి దారి పట్టారు. అంటే ఒత్తిడి మేలు చేసింది. నన్ను ఇబ్బంది పెట్టే ఫలితమే, కానీ దాన్ని దగ్గరగా చూడండి. ఒత్తిడి వాళ్లను నెట్టింది కొత్తదాని వైపు కాదు, తేలికైనదాని వైపు. ఆ లెక్కల్లో తేలికైనదే సరైనది కావడం ప్రయోగం చేసినవాళ్ల ఏర్పాటు. అనంతపురంలో జూన్ నెలలో రైతుకు అన్నిటికంటే తేలికైన దారి సబ్సిడీ విత్తనం తెచ్చుకుని అందరితోపాటు విత్తడం. అక్కడ ఒత్తిడి తోసేది అటే.

మరి ‘షరతు సడలితే చాలు, దారి మెరుస్తుంది’ అనడం అతిశయోక్తి కాదా అని రాబర్ట్ వైస్‌బర్గ్ లాంటివాళ్లు అడిగారు. తొమ్మిది చుక్కలను పెన్ను ఎత్తకుండా నాలుగు గీతలతో కలిపే లెక్కలో, గీత చుక్కల చతురస్రం దాటి బయటికి పోవచ్చని ముందే చెప్పేసినా ఎక్కువమంది విప్పలేకపోయారని ఆయన, జోసెఫ్ ఆల్బా 1981లో చూపించారు. ఈ విమర్శ నూటికి నూరుపాళ్లు న్యాయం. దానికి అనంతపురంలోనే మంచి ఉదాహరణ ఉంది. పదును లేనిదే విత్తు వేయకూడదన్నది మెట్ట సేద్యంలో పునాది లాంటి నియమం. 2018 ప్రాంతం నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఈ జిల్లా రైతులు వేసవిలోనే, వాన రాకముందే, రకరకాల నవధాన్యాల గింజలను కలిపి విత్తడం మొదలుపెట్టారు. పొడి దుక్కిలో విత్తడం ఎక్కడా లేని సంగతేమీ కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో విత్తడం అంటే చాలామందికి గింజలు చీమలకు దానం చేయడమే. షరతు సడలించగానే పని అయిపోలేదు. గింజకు బీజామృతం పట్టించి, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతంతో పూత వేసి గుళికలు చేయాలి, అప్పుడే చీమ ముట్టదు, చెదురు జల్లుకు తొందరపడి మొలిచి ఎండిపోదు. పైన చెత్త కప్పాలి. ఏ గింజ ఏ గింజతో కలిసి పెరుగుతుందో తెలియాలి. కలిపి విత్తే ఆ జ్ఞానంలో సగం, బుడ్డలు ముంచెత్తకముందు కొర్ర, కంది వేసిన పెద్దవాళ్ల దగ్గర ఉన్నదే. మెరుపు ఒక్క క్షణం తలుపు తీస్తుంది, లోపల ఇల్లు ముందే కట్టి ఉండాలి.

అందుకే ఇలాంటి ఆలోచన ఒక పొలం నుంచి పక్క పొలానికి దానంతటదే పాకదు. మేరీ గిక్, కీత్ హోలియోక్ 1980లో చేసిన ప్రయోగాల్లో కణితి మీద కిరణాల లెక్క ఇచ్చారు. బలమైన కిరణం మంచి కండను కూడా కాల్చేస్తుంది, బలహీనమైనది కణితిని కాల్చదు. నాలుగు వైపుల నుంచి బలహీన కిరణాలు పంపి కణితి దగ్గర కలపాలి. ముందుగా కోటను నాలుగు దారుల నుంచి చిన్న దండులతో ముట్టడించిన కథ చదివించినా, దాన్ని తమంతట తాము వాడుకున్నవాళ్లు మూడో వంతుకు మించలేదు. ఆ కథ గుర్తు చేసుకోండి అని ఒక్క మాట చెప్పగానే నాలుగింట మూడొంతుల మంది విప్పేశారు. పోలిక కళ్ల ముందే ఉన్నా, చూపించేవాళ్లు కావాలి. వేసవి విత్తనం వ్యాపించిన తీరు గమనిస్తే, ఆ పాత్రను ఎక్కువగా మహిళా సంఘాల సభ్యులు, తోటి రైతుల్లోంచే వచ్చిన కార్యకర్తలు పోషించారు. పుస్తకం ఇచ్చి వెళ్లిపోయే అధికారి కంటే, ‘పోయినేడు నా చేలో ఇదే నేల, ఇదే వాన’ అని చెప్పగలిగే మనిషి మాట చెల్లింది.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. మెరుపులా తట్టిన ఆలోచన ఒప్పయి ఉంటుందన్న భరోసా లేదు. 2020లో రూబెన్ లౌకోనెన్ బృందం, ఒక వాక్యంలో తారుమారు చేసిన పదాన్ని సరిచేసుకుని ‘ఓహో’ అనిపించేలా చేస్తే, ఆ వాక్యమే ఎక్కువ నిజమనిపిస్తుందని చూపించింది. తట్టిన ఆనందం వాక్యానికి అంటుకుంటుంది. కరవు నేలలో అలాంటి ఆనందానికి కొరత లేదు, ముఖ్యంగా సచివాలయాల్లో. మేఘమథనం విమానాలు ఎగిరాయి. 2016 ఆగస్టులో ఎండుతున్న బుడ్డల్ని కాపాడటానికి రెయిన్ గన్లు వచ్చాయి. అవి ఎంత పంటను నిలబెట్టాయన్నది వాదులాట, దానిలోకి నేను దిగను. నాకు కనిపించేది ప్రశ్న రూపం. పరికరం కొత్తది, సూత్రం పాతది: అదే పంట, దానికి నీళ్లు తేవాలి.

‘నీళ్లు తేవాలి’ అన్నది తప్పెలా అవుతుంది, హంద్రీ-నీవా కాలువ వచ్చి చూపించలేదా అని జిల్లావాళ్లు నిలదీయవచ్చు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లికి చేరాయి, కాలువ వెంబడి చెరువులు నిండాయి. చీనీ, మామిడి, దానిమ్మ తోటలతో జిల్లా రూపమే మారుతోంది. ఇది నిజం, మంచిది కూడా. లూచిన్స్ ఏడో లెక్కలో పాత సూత్రం కూడా సరైన జవాబే ఇస్తుంది కదా, కాలువ కింది పొలం ఏడో లెక్క. కాలువ ఎక్కలేని మిట్టలు తొమ్మిదో లెక్క, ఈ జిల్లాలో ఎక్కువ నేల అదే. రెండింటికీ ఒకే పథకం రాసేవాళ్లకు ఈ తేడా కనిపించదు. మిట్ట రైతు కొత్తదారి పట్టాలంటే అతనికి కావలసింది ఉపన్యాసం కాదు, తప్పినా మునగని కాస్త చోటు. టింబక్టు వాళ్ల ధరణి సహకార సంఘం 2008 నుంచి కొర్రలు, ఇతర చిరుధాన్యాలు కొనుగోలు చేయడంతో, బుడ్డలు మానేసినవాడికి కొనేవాళ్లు లేరన్న భయం కొంత తగ్గింది. బీమా కూడా ఒక్క పంటకు కాక కలిపి విత్తిన చేనుకు వర్తించి, రుణ ప్రణాళికలో ప్రతి ఎకరాకూ ఒక మూల ప్రయోగానికి వదిలే వీలుంటే ఆ చోటు ఇంకాస్త పెరుగుతుంది. అప్పుడు కూడా ఒక చిక్కు మిగులుతుంది. నవధాన్యాల కట్టను ప్రతి పొలానికీ ఒకే జాబితాతో, ఇన్ని ఎకరాలన్న లక్ష్యంతో పంచడం మొదలైతే, అది ఇంకో ఐదు లెక్కల శిక్షణ అవుతుంది.